పదేళ్ల ఎత్తులో సముద్రం

నుకుస్ బజారులో
ఎండుచేపల కొట్టు పక్కన మా స్టూడియో.
పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి ఆల్బములు,
మొటిమలు చెరపాలంటే ధర వేరే.

మార్చిలో, దుమ్ముగాలి తలుపు తోసిన రోజున
ఎస్బెర్గెన్ తాత వచ్చాడు.
టోపీ దులిపి, ఫోను బల్ల మీద పెట్టి
"అరూఖాన్, దీని వెనక సముద్రం పెట్టు" అన్నాడు,
టీలో ఇంకొంచెం చక్కెర వెయ్యమన్నంత మామూలుగా.

ఫొటోలో మొయ్‌నాక్.
ఇసుకలో ఒరిగిన ఓడ, నిలువెల్లా తుప్పు.
దాని ముందు తాత
పేరు పిలిస్తే లేచి నిలబడ్డ బడిపిల్లాడిలా.

నాకు ఇరవయ్యారేళ్లు. సముద్రం చూడలేదు.
మా అమ్మా చూడలేదు.
నెట్‌లో దొరికింది ఎవరిదో సెలవుల సముద్రం,
కొబ్బరిచెట్లు కోసేసి తెచ్చుకున్నాను.
ఓడను దాచి, ఇసుకను దాచి
తాత వెనక పరిచాను.

అతకలేదు.
ఆయన మీద మిట్టమధ్యాహ్నం, నీళ్ల మీద సాయంత్రం.
ఒక్క మనిషికి ఇద్దరు సూర్యుళ్లు.
ఎరుపు తగ్గించాను, నీలంలో బూడిద కలిపాను,
టోపీ బొచ్చు అంచును వెంట్రుక వెంట్రుకగా విడదీశాను,
కత్తెర జాడ దొరికిపోయేది మొదట అక్కడే.
గడ్డం కింద నీటి వెలుగు పూశాను, ఐదు శాతం.
ఎక్కువైతే అబద్ధం,
అసలు లేకపోతే ఇంకా పెద్ద అబద్ధం.
పాత ఫోను తీసిన ఫొటో కదా, గరుకు.
నున్నటి అలల మీద కూడా
అంత గరుకూ చల్లాను.

అయినా ఏదో తేడా.
తాత సముద్రం ముందు లేడు,
సముద్రం అంటించిన గోడ ముందున్నాడు.

"ఫొటో తీసిందెవరు తాతా?"
"మనవరాలు. బిబిసారా. పదేళ్లు."

అదీ సంగతి.
నీళ్లూ ఆకాశమూ కలిసే గీత ఎక్కడుండాలో
సముద్రం చెప్పదు,
కెమెరా పట్టుకున్న చేతుల ఎత్తు చెబుతుంది.
నేను నా ఎత్తులో గీశాను.
పిల్ల ఎత్తుకు దించాను.
నీళ్లు తాత భుజాలు దిగి
రొమ్ము దగ్గర ఆగాయి.
గోడ మాయమైంది.

తాత స్క్రీన్ మీదికి వంగాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఈత నేర్పేటప్పుడు నాన్న
నన్ను ఇంతలోతు దాకానే రానిచ్చేవాడు."
కోటు మూడో గుండీ మీద వేలు పెట్టుకున్నాడు.
ఆ వెంటనే, "గాలి తప్పు.
ఉత్తరపు గాలికి అల ఇటు విరగదు."

ఒక్క నొక్కుతో సముద్రాన్ని కుడి ఎడమలు మార్చాను.
వెలుగు మళ్లీ తప్పింది.
ఇంకో గంట పట్టింది.
ఆయన పక్క కొట్టులో చేపలు బేరమాడి, కొనకుండా వచ్చాడు.

ఉప్పుధూళికి చికిలించిన కళ్లు
ఇప్పుడు అలల తళుకుకి చికిలించినట్టున్నాయి.
వాటిని ముట్టుకోలేదు.
బూట్ల మీద మాత్రం తెల్లటి చారలు,
నడిచొచ్చిన నేలంతా అంటుకుని.
పక్కనున్న నల్లతోలు రంగు తీసి
వాటి మీద అద్దుతున్నాను.

మణికట్టు పట్టుకున్నాడు.
"అది తీయకు."
"మరకలా ఉంది తాతా."
"దానిదే అది."

అప్పటికే ఒక బూటు సగం చెరిపేశాను.
వెనక్కి వెళ్లాను, తొమ్మిది మెట్లు.
ఒక్కో మెట్టుకీ కాస్త కాస్త ఉప్పు తిరిగొచ్చింది.

"ధరెంత? మొటిమల ధరేనా?"
అదే తీసుకున్నాను.

నా కంప్యూటరులో ఇప్పటికీ ఉన్నాయి:
సముద్రం, సముద్రం రెండు,
సముద్రం చివరిది,
సముద్రం నిజంగా చివరిది.

శుక్రవారం మళ్లీ వస్తాడట.
ఫొటో తీసింది తనే కాబట్టి
బిబిసారా అందులో లేదు,
పక్కన నిలబెట్టాలట.
పిల్లను తీసుకురమ్మన్నాను, కొలత కావాలి.
గీత కదపకుండా నిలబెడితే
నీళ్లు సరిగ్గా
దాని కళ్ల దాకా వస్తాయి.